ఊడని ముడి

సైకిలు కొన్నాక కూడా ఇంకా సైకిలు కొనాల్సి ఉంటుందని వెంకటనర్సయ్యకు ఆ మంగళవారం దాకా తెలియదు. అతని కాలంలో సైకిలంటే స్టాండు, క్యారియరు, బెల్లు, మడ్‌గార్డులు, చివరికి చైను మీద రేకు తొడుగు కూడా కలిపే వచ్చేది. ఇప్పుడు రెండు చక్రాలు, సీటు, హ్యాండిలు చేతిలో పెట్టి పంపించేస్తున్నారు. కూతురు అరుణశ్రీ శనివారం కొన్న సైకిలు మూడు రోజులుగా బడంగ్‌పేట్‌లో వాళ్ళ కిరాయి ఇంటి గోడకు ఆనుకునే ఉంది. నిలబడటానికి దానికి కాలు కూడా లేదు.

మంగళవారం అతనికి సెలవు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పని అతనిది. సేల్స్‌మెన్ విప్పి చూపించినవాటిలో కొన్నవి పోగా మిగిలినవి గుట్ట పడతాయి. వాటిని పాత మడతల మీదే మళ్ళీ మడిచి అరల్లో పెట్టాలి. సెలవు రోజున కూడా అదే పేటకు రావడం అతనికి మామూలుగా అయితే చిరాకు. ఇవాళ మాత్రం కూతురి కంటే ముందే తయారై గేటు దగ్గర నిలబడ్డాడు. కూతురికి రేపటి నుంచి ఉద్యోగం.

నరేష్‌కుమార్ సైకిలు దుకాణం మెట్రో స్తంభాల దగ్గర నుంచి లోపలికి తిరిగే గల్లీలో ఉంది. ముందు వరుసలో పిల్లల సైకిళ్ళు, పైన కొక్కేలకు టైర్లు, మూలన పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి.

"ఏమేం కావాలె పెద్దాయినా?"

"సైకిలుకు ఏమేం కావాల్నో అవన్ని."

నరేష్‌కుమార్ ముఖం వికసించింది. ఆ మాట వింటే ఏ దుకాణదారుడి ముఖమైనా వికసిస్తుంది. సీసా పెట్టుకునే కొక్కెం, ఫోను పెట్టుకునే కొక్కెం, చేతి తొడుగులు, చక్రాలకు తగిలించే రంగురంగుల లైట్లు, ఆరు రకాలుగా మోగే హారను ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. వెంకటనర్సయ్య ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఇది కూడా అవసరమేనేమో అన్నట్టు కూతురి వైపు చూస్తున్నాడు.

అరుణశ్రీ ఫోనులో రాసుకొచ్చిన జాబితా తీసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఏ పనికైనా ముందు కాగితం రాసుకునే మనిషి.

"అన్నా, అవన్ని లోపల పెట్టు. స్టాండు, క్యారియరు, బెల్లు, ముందల లైటు, ఎనుక లైటు, తాళం. ఇగ వీపుకు ఏసుకునే డబ్బా సంచి. గంతే."

"పొద్దుగాల ఎన్ని గంటలకు పోతవమ్మా?"

"ఐదింటికి ఎల్తా."

"అయితే ముందుగాల ఎనుక లైటు తీస్కో. బెల్లు లేకున్నా నోరుంటది. ఎనుక లైటు లేకపోతే నువ్వు రోడ్డు మీద ఉన్నట్టే లారీవోనికి తెల్వది." నరేష్‌కుమార్ ఎర్ర లైటు నొక్కి చూపించాడు. "తాళం గీ గొలుసుది తీస్కో. ఒక్క చక్రానికి ఏస్తే చక్రమే మిగుల్తది నీకు. ఫ్రేముకూ గేటుకూ కలిపి ఏయాలె."

మంచివాడే అనుకున్నాడు వెంకటనర్సయ్య. అమ్ముకునేవాడైనా ఏది అక్కరలేదో కూడా చెబుతున్నాడు. మడ్‌గార్డులు వానాకాలానికి చూసుకోవచ్చన్నాడు, సీసా కొక్కెం తనే వెనక్కు పెట్టేశాడు. హెల్మెట్టు మాత్రం జాబితాలో లేకపోయినా పెట్టించి, బిగుతు సరిచూసి మరీ ఇచ్చాడు. చివరికి మూలన ఉన్న నల్లటి చదరపు సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల మెత్తటి స్పాంజి, భుజాలకు రెండు వెడల్పాటి పట్టీలు, ఛాతీ దగ్గర ఇంకో పట్టీ.

"గిది తిండి డెలివరీ ఇచ్చేటోళ్ళు తీస్కపోతరు. నీ డబ్బా ఎంతుంటది?"

అరుణశ్రీ చేతులతో కొలత చూపించింది. ఆ డబ్బా ఇంట్లో ఉంది. తెల్లగా, బరువుగా, లోపల ఐసు ప్యాకెట్లు పెట్టుకునే అరలతో. ఎల్బీ నగర్‌లోని ఒక రక్తపరీక్షల సెంటరు వాళ్ళు ఇచ్చారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల ఫోనులో వచ్చిన చిరునామాలకు వెళ్ళాలి, రక్తం తీయాలి, గొట్టాలను డబ్బాలో పెట్టి సెంటరులో అప్పజెప్పాలి. వారం రోజులు ట్రయల్. ఆ వారంలో మూడు గొట్టాలు చెడిపోయాయంటే పని లేదు. స్కూటరు ఉన్నవాళ్ళకే ఇస్తామన్న పనిని, ఇంటి నుంచి ఎనిమిది కిలోమీటర్లు తొక్కగలనని ఒప్పించి తెచ్చుకుంది.

"వీపుకెందుకు?" అన్నాడు వెంకటనర్సయ్య. "క్యారియరు కొంటున్నం కద. డబ్బా దాని మీద పెడ్తే అయిపాయె."

"క్యారియరు మీద కుదుపులు ఉంటయి నాయినా. వీపు మీదయితే..."

"వద్దు."

అంత గట్టిగా అన్నందుకు అతనికే సిగ్గేసి గొంతు తగ్గించాడు. "చీరల మూట మోస్కపోయి షావుకారు గుమ్మం ముందల నిలవడుడు నా వీపుతోని ఖతం కావాలె బిడ్డా. నువ్వు సదువుకున్న పిల్లవు. డబ్బా వీపుకేసుకొని ఎందుకు తిరుగుతవు? సైకిలు మోస్తది. కట్టేది నేను కడ్త."

అరుణశ్రీ ఒకసారి సంచి వైపు, ఒకసారి తండ్రి వైపు చూసింది. జాబితాలో చివరి వరుస చెరిపేసింది.

నరేష్‌కుమార్ కొక్కేలున్న సాగే తాడు ఒకటి అందించాడు. వెంకటనర్సయ్య దాన్ని రెండు చేతులతో లాగి చూసి బల్ల మీద పెట్టాడు. "ఇది సాగుతది. సాగేది కట్టు ఎట్లయితది? పాత ట్యూబు ఉన్నదా?"

పంక్చర్లు పడి పనికిరాని ట్యూబు నరేష్‌కుమార్ ఉట్టినే ఇచ్చాడు. "దీన్నేం చేస్తవు?"

"మా దిక్కు ట్యూబు సైకిలు కంటె మగ్గానికే ఎక్కువ పడ్తది," అన్నాడు వెంకటనర్సయ్య. ఆ పూట అతను అన్నవాటిలో గర్వంగా అన్న మాట అదే.

పోచంపల్లి దిక్కు నేతలో రంగు వేయడానికి ముందు నూలుకు చిటికి కడతారు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా ట్యూబును సన్నటి పేలికలుగా కోసి, లాగి, చుట్టి, ముడి వేస్తారు. కట్టిన చోటికి రంగు చేరకూడదు. కాస్త వదులైనా రంగు లోపలికి పాకి, చిలుక రెక్క మరకైపోతుంది. వెంకటనర్సయ్య పదకొండో ఏట నుంచి ఆ ముడులు వేశాడు. అతని ముడి ఊడిందని ఏ షావుకారూ ఒక్క చీర కూడా వెనక్కి పంపలేదు. మగ్గం అమ్ముకుని పట్నం వచ్చి తొమ్మిదేళ్ళయినా, ఆ సంగతి చెప్పుకోవడానికి వినేవాళ్ళు దొరకలేదు.

ఆ సాయంత్రం వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. ట్యూబును నిలువునా చీల్చి, సగం బ్లేడుతో చిటికెన వేలంత వెడల్పు పేలికలు కోశాడు. వెదురు పుల్లలో బిగించిన ఆ సగం బ్లేడు మగ్గంతో పాటు అమ్మకుండా మిగుల్చుకున్న సామాను. డబ్బాను క్యారియరు మీద పెట్టి, మూత తెరుచుకోవడానికి అడ్డం రాకుండా, పక్కల ఉన్న పిడుల గుండా పేలికను తిప్పాడు. ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొసను రబ్బరు తెల్లబడేదాకా లాగి, చుట్టు మీద చుట్టు వేశాడు. నాలుగు మూలలా నాలుగు కట్లు. తర్వాత సైకిలును పట్టి ఊపాడు. సైకిలు ఊగింది గానీ డబ్బా దానితో పాటే తప్ప వేరుగా కదల్లేదు.

"చూసినవా? క్యారియరూ డబ్బా ఒక్కటే అయిపోయినయి," అన్నాడు భార్య రాధమ్మతో.

"మరి విప్పాలంటే?"

"ఇవి విప్పేటివి కావు. కోసేటివి."

అతనికి చాలా సంతోషంగా ఉంది. దాన్ని దాచుకోవడం చేతకాలేదు. అన్నం తిన్నాక అరుణశ్రీ చెయ్యి అడిగితే వెంటనే చాపాడు. రేపు మొదటి రోజు కదా, రక్తం తీసే ముందు మోచేతి పైన కట్టే రబ్బరు పట్టీ ఇంకోసారి అలవాటు చేసుకుంటానంది. పట్టీ చుట్టి, కొసను లోపలికి దోపి వదిలేసింది. ఒక్కసారి లాగితే జారిపోయింది.

"ఇది ముడేనా?" అని నవ్వాడు వెంకటనర్సయ్య. "నన్నడుగు, నేర్పిస్త."

ఆమె కూడా నవ్వింది. బొటనవేలితో అతని చేతి మీద నరాన్ని వెతికి, కళ్ళు మూసుకుని, మళ్ళీ వెతికింది.

బుధవారం పొద్దున ఎర్ర లైటు మలుపు తిరిగేదాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి అరుణశ్రీ మంచం మీద కూర్చుని పాదాలు ఒత్తుకుంటోంది. ఏడు ఇళ్ళు తిరిగిందట. ఎల్బీ నగర్ ఫ్లాట్లలో ఇందిరాదేవి అనే పెద్దావిడ ఉందట. రక్తం పలచబడే మందు వేసుకుంటుంది, చేతులంతా కమిలిన మచ్చలే. ఇదివరకు వచ్చినవాళ్ళు నాలుగేసి పోట్లు పొడిచేవారట, ఇవాళ ఒక్క పోటుకే దొరికింది. "నీ చెయ్యి మంచిదమ్మా, రోజూ నువ్వే రా" అని కాఫీ ఇచ్చిందట ఆవిడ.

"మంచిగాయె," అన్నాడు వెంకటనర్సయ్య.

"ఒకటి రిజెక్టయింది నాయినా. ఏడింట్ల ఒకటి."

"అంటే?"

"రక్తం పగిలింది. గొట్టంల కుదుపులు ఎక్కువైతే లోపల కణాలు పగుల్తయి. పైన తేరుకునే నీళ్ళు ఎర్రగయితయి. అది మిషన్ల పనికిరాదు." మళ్ళీ పాదం ఒత్తుకుంటూ అంది. "మన రోడ్డంత గుంతలే కద. ఆ సంచి కొనుక్కుంటే..."

"సంచి ఎందుకు? కట్టు వదులైనట్టుంది." అతను అప్పటికే వాకిట్లోకి నడిచాడు. కట్లు ఎక్కడా వదులు కాలేదు. అయినా ఒక్కో మూలా ఇంకో రెండు పేలికలు లాగి చుట్టాడు. కుదుపంటే కదలడమే కదా. కదలకుండా కడితే కుదుపెక్కడిది? ముప్ఫై ఏళ్ళ చెయ్యి అతనికి చెప్పిన లెక్క అది. ఆ చేతిని కాదనడానికి అతనికి కారణమేమీ కనబడలేదు.

గురువారం సాయంత్రం వచ్చి చూస్తే క్యారియరు మీద కట్లు లేవు. డబ్బా ఇంట్లో, తలుపు పక్కన ఉంది.

"ఊడిపోయినయి," అంది అరుణశ్రీ, అన్నంలో కూర కలుపుతూ.

"ఎట్లూడుతయి?"

"ఏమో నాయినా. తొవ్వల ఊడినయి. డబ్బా ఎట్లనో పట్టుకొచ్చిన. ఇయ్యాల ఒక్కటి కూడా రిజెక్టు కాలె."

గొట్టాలు బాగున్నాయన్న మాట అతని చెవిన పడలేదు. ఊడిపోయినయి అన్న ముక్క దగ్గరే ఆగిపోయాడు. తన ముడి, ఊడిపోవడం. వయసు మీద పడి వేళ్ళలో పట్టు తగ్గిందేమోనని దీపం కింద చేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ రాత్రే కొత్త పేలికలు కోద్దామంటే సగం బ్లేడు కనబడలేదు. "నువ్వు తీసినవా?" అని రాధమ్మ మీద విసుక్కున్నాడు. ఆమె గిన్నెలు లోపలికి తీసుకుపోయింది. కత్తెరతో కోసి, మళ్ళీ కట్టాడు.

శుక్రవారమూ అంతే. కట్లు లేవు. "ఊడిపోయినయి" అన్నదే జవాబు. దుకాణంలో ఆ రోజు అతని చేతికి పోచంపల్లి డిజైను అచ్చేసిన మిల్లు చీరలు వచ్చాయి. చిలుకల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. నిజం చిటికి అంచు కాస్త చెదురుతుంది, అచ్చుకు ఆ బాధ లేదు. కట్టకుండానే ఇంత తెల్లగా వచ్చినప్పుడు కట్టేవాడితో పనేముంది అనుకుంటూ వాటిని మడతపెట్టాడు. ఆ దుకాణంలో ఎవరూ అతన్ని ఏమీ అడగరు. ఇంట్లో తను చేసి పెట్టగలిగింది ఒక్కటుంది, అది కూడా ఊడిపోతోంది.

ఆ సాయంత్రం రెండు గంటలు కూర్చుని కట్టాడు. మూలకు తొమ్మిదేసి చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య మైనం రాసిన నూలు దారం, ఆ పైన మళ్ళీ ట్యూబు. కొంగులో ఏనుగు బొమ్మకు కట్టినంత శ్రద్ధగా కట్టాడు. అరుణశ్రీ గడపలో నిలబడి చూసింది.

"ఇంత ఎందుకు నాయినా?"

"ఇగ ఊడమను, చూస్త."

ఆమె ఏదో చెప్పబోయింది. అతను పళ్ళ మధ్య దారం పట్టుకుని తలెత్తాడు. ముఖమంతా చెమట, నవ్వు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లవారుజామున వాన. రేకుల మీద చప్పుడుకు లేచి వచ్చేసరికి అరుణశ్రీ ప్లాస్టిక్ కోటు వేసుకుని గేటు బయట సైకిలు మీదికి వంగి ఉంది. వెనక లైటు వెలుగుతోంది. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ ఆగింది. అక్కడ చాలాసేపు వంగి ఏదో చేసింది. చైను పడిందేమో అనుకున్నాడు. గొడుగు తీసుకుని వెళ్ళేలోపల ఎక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దుకాణంలో ఉండగా రాధమ్మ ఫోను చేసింది. ఇవాళ రెండు గొట్టాలు చెడిపోయాయట. బుధవారం నాటిదాంతో మూడు. అరుణశ్రీ ఫోనులో చిరునామాలు రావడం ఆగిపోయిందట.

ఇంటికి వచ్చేసరికి అరుణశ్రీ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వాకిట్లో డబ్బా క్యారియరు మీద అలాగే ఉంది. తొమ్మిది చుట్లలో ఒక్కటి కూడా ఊడలేదు. ఒక మూలన మాత్రం పై చుట్టు మీద గాట్లున్నాయి. దారం దగ్గరికి వచ్చి ఆగిపోయిన గాట్లు.

అతను వేలితో ఆ గాట్లు తడిమాడు. రాధమ్మ వెనక నుంచి వచ్చి కూతురి చేతిసంచి అతని ముందు గుమ్మరించింది. నీళ్ళ సీసా, దూది, వెదురు పుల్లలో బిగించిన సగం బ్లేడు, పిడికెడు ట్యూబు ముక్కలు. అతను ఒక ముక్క తీసి కొస చూశాడు. ఊడిన ముడికి కొస నలిగి ఉంటుంది. ఇది నున్నగా ఉంది.

"కోసిందా?"

"మలుపు కాడ ఆగి కోసింది. రెండు దినాలు. కోసి, డబ్బను చున్నీతోని వీపుకు కట్టుకొని పోయింది. భుజాల మీద వాతలు చూసినవా నువ్వు? నేను చూసిన." రాధమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు బిగిచ్చినకొద్ది గుంతల దెబ్బ మొత్తం డబ్బల దిగుతుందట. కట్టు బిగువుంటేనే రక్తం పగుల్తదట. ఇయ్యాల వానల కోయనీకె రాలే, టైమైపోయింది. గట్లనే పోయింది."

"నాకు చెప్పకపాయెనా?"

"సంచి కావాలని రెండుసార్లు అడిగింది. ఇన్నవా? పొద్దుగాల లేసి గేటు కాడ నిలవడి చూస్తుంటివి. నీ ముడి వద్దని ఆ పిల్లకు నోరు రాలే. నాకూ రాలే."

వెంకటనర్సయ్య పీట మీద కూర్చున్నాడు. నూలు రాయిలా బిగియాలి, అప్పుడే రంగు పట్టదు. కానీ గొట్టంలో ఉన్నది నూలు కాదు. ఇంత చిన్న సంగతి తోచడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ తనే తన బిడ్డ పని మీద చుట్టు మీద చుట్టు వేశాడు. లోపల అరుణశ్రీ మేలుకునే ఉందని తెలుసు. ఏమని పిలవాలో తెలియలేదు.

ఆదివారం దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఎల్బీ నగర్ వెళ్ళాడు. సెంటరు మొదటి అంతస్తులో ఉంది. అద్దాల తలుపు లోపల చలి, గోడకు రంగురంగుల పటాలు. సూపర్‌వైజరు రవితేజ పాతికేళ్ళవాడు. రాజమండ్రి దిక్కు మాట. లేచి కుర్చీ చూపించాడు.

"చెప్పండి అంకుల్."

వెంకటనర్సయ్య కూర్చోలేదు. జేబులోంచి ట్యూబు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. "నా బిడ్డ అరుణశ్రీ. ఆమె తప్పు లేదు సారు. డబ్బ నేనే కట్టిన. గట్టిగ కట్టిన. గందుకే రక్తం పగిలింది. నా కట్టు లేని దినం ఒక్కటి కూడా చెడలే, చూడుండ్రి మీ కంప్యూటర్ల."

రవితేజ చూశాడు. నిజంగానే చూశాడు. గురువారం, శుక్రవారం పదిహేను గొట్టాలు, ఒక్కటీ చెడలేదు. ముఖం కాస్త మారింది.

"నిజమేనండి. అమ్మాయి చెయ్యి బాగుందని ఫోన్లు కూడా వచ్చాయి. కానీ ట్రయల్లో మూడు రిజెక్టులు పడితే ఐడీ దానంతటదే ఆగిపోద్ది అంకుల్. నా చేతుల్లో లేదు."

"మరి ఎవల చేతులల్ల ఉన్నది?"

రవితేజ ఆలోచించాడు. "ఎవరి చేతుల్లోనూ లేదండి. కారణం రాయమని ఒక గడి ఇచ్చారు. దాన్లో మూడే ఉన్నాయి. పేషెంటు, రక్తం తీసిన కలెక్టరు, ల్యాబు. ఇంట్లోవాళ్ళు కట్టారని రాయడానికి చోటు లేదు." ముక్కలను ఒక కాగితంలో చుట్టి మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "మూడు నెలల తర్వాత మళ్ళీ అప్లై చెయ్యమనండి. రేపు ఆ డబ్బా తెచ్చి ఇచ్చేయాలి. తప్పుగా అనుకోకండి."

తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు తిరిగి ఒక మాట అనడానికైనా ఉండేది. వెంకటనర్సయ్య మెట్లు దిగి మెట్రో కింద నిలబడ్డాడు. చుట్టూ నల్లగొండ బస్సులు, ఆటోలు, అరుపులు. ఇంతమందిలో తన తప్పు ఒప్పుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, తన దుకాణానికి కాకుండా సైకిలు దుకాణం గల్లీలోకి తిరిగాడు.

"ఆ వీపు సంచి ఉన్నదా?"

నరేష్‌కుమార్ తీసి దుమ్ము దులిపాడు. "నేను ఆ దినమే అనుకున్న, మళ్ళొస్తవని. ఎట్లున్నది బిడ్డ నౌకరి?"

"మంచిగనే ఉన్నది," అన్నాడు వెంకటనర్సయ్య.

సాయంత్రం సంచి తెచ్చి గోడ మేకుకు తగిలించాడు. అరుణశ్రీ చూసింది. దగ్గరికి వచ్చి పట్టీ పట్టుకుని బిగుతు సరిచూసింది. వద్దనలేదు, ఎందుకు తెచ్చావనలేదు. ఆ రెండింట్లో ఏదన్నా అని ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది.

"ఎందుకు చెప్పలేదు బిడ్డా?" అన్నాడు చివరికి.

"నువ్వు నాలుగున్నరకు లేస్తుంటివి నాయినా," అంది ఆమె. "దుకాణానికి పోనీకె ఎన్నడన్న గట్ల లేసినవా?"

సోమవారం పొద్దున డబ్బా తిరిగి ఇచ్చే పని. వెంకటనర్సయ్య వాకిట్లో కూర్చుని సగం బ్లేడుతో తన కట్లు తనే కోస్తున్నాడు. దారం, ట్యూబు, మళ్ళీ దారం. ఒక్కో చుట్టు తెగినప్పుడు టప్పుమని వెనక్కి ఎగిరి చేతికి తగులుతోంది. అంత బిగువు ఇంకా మిగిలే ఉంది వాటిలో. నాలుగో మూల అయ్యాక డబ్బాను ఎత్తి నల్ల సంచిలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఖాళీ డబ్బా వీపుకు వేసుకుని అరుణశ్రీ ఛాతీ పట్టీ పెట్టుకుంటుండగా ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను ఇందిరాదేవిని." స్పీకరులో పెద్దావిడ గొంతు. "శనివారం రక్తం పాడైందని మళ్ళీ పంపారమ్మా. ఎవరో కొత్తబ్బాయి వచ్చాడు. మూడు పోట్లు పొడిచాడు, దొరకట్లేదు. చెయ్యంతా మంట. నువ్వే ఒక్కసారి రామ్మా."

అరుణశ్రీ పెదవి కొరుక్కుంది. "నేను రాకూడదమ్మా. నా ఐడీ లేదిప్పుడు."

"అదేంటమ్మా. ఎందుకు తీసేశారు?"

వెంకటనర్సయ్య చేతిలో బ్లేడు పట్టుకుని తల వంచుకున్నాడు. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాడు. ఆమె చెప్పాలని కూడా అనుకున్నాడు. అరుణశ్రీ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మా, ఎడమ చెయ్యి వద్దు. కుడి చెయ్యి ఇయ్యండి. ఫోను ఆయన దగ్గర పెట్టండి." ఆమె ఒక చేత్తో ఫోను పట్టుకుని, చూపించడానికి చెయ్యి కావాలన్నట్టు ఇటూ అటూ చూసింది. వెంకటనర్సయ్య బ్లేడు కింద పెట్టి తన కుడి చెయ్యి చాపాడు. ఆమె కళ్ళు మూసుకుని బొటనవేలితో అతని మోచేతి మడత మీద వెతికింది.

"అన్నా, మడతల నడుమ చూడకు, అక్కడ దొరకదు. బయటి పక్కకు రా. రెండు వేళ్ళు కిందికి. పైకి కనవడదు, వేలు పెడితే మెత్తగ తగుల్తది." ఆమె వేలు అక్కడ ఆగింది. "రబ్బరు పట్టీ ఎట్ల కట్టినవు?"

అవతల మగ గొంతు ఏదో గొణిగింది.

"గట్టిగ కట్టకు అన్నా. గట్టిగ కడితే నరం అడుగుకు పోతది. దొరికినా రక్తం పగుల్తది. జర వదులు చెయ్యి. ఒక్క గుంజుతోని ఊడేటట్టు కట్టు."

వాకిట్లో ముగ్గురూ ఫోను వైపే చూస్తూ నిలబడ్డారు. రాధమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"దొరికిందమ్మా," అంది ఇందిరాదేవి. "దొరికింది. చల్లగా ఉండు తల్లీ."

అరుణశ్రీ ఫోను జేబులో పెట్టుకుంది. సైకిలు స్టాండు తీసి, గేటు దాకా నడిపించి, వెనక్కి తిరిగి చూసింది. వెంకటనర్సయ్య ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి.

"చెయ్యి దించు నాయినా," అంది. "ఇగ అయిపోయింది."